నవమి నాడు పడుకున్న మిషను

మా ఉద్యోగం సంగతి జనానికి గుర్తు రావాలంటే ఏదో ఒకటి ఆగిపోవాలి. అన్నీ సవ్యంగా నడిచినంతకాలం సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు అనేవాడొకడు ఆ కాలేజీలో జీతం తీసుకుంటున్నాడని ప్రిన్సిపాలుకి కూడా గుర్తుండదు. సర్వరు ఆగిందా, గేటు దగ్గర సోడాలమ్మే మనిషి కూడా మనకేసి జాలిగా చూస్తాడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సర్, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద గండం ఏది?" అని అడుగుతుంటారు. పరీక్ష ఫలితాల రోజు జరిగిన గొడవో, వైరస్ దాడో చెబితే వాళ్లకి హుషారుగా ఉంటుంది. అవీ జరిగాయి, కాదనను. కానీ రిటైరై ఇంట్లో కూర్చున్నాక నాకు గుర్తొచ్చేవి అవి కావు. ఒక దసరా సెలవుల్లో ఆగిపోయిన ఒక మిషను గుర్తొస్తుంది. దాన్ని ఆపిన వీణ మేడం గుర్తొస్తారు. ఈమధ్య మరీ ఎక్కువగా గుర్తొస్తున్నారు.

మాది విజయనగరంలో ఒక ట్రస్టు నడిపే కాలేజీ. ముందు డిగ్రీ భవనం, వెనక పెంకుటింట్లో చిన్న సంగీత విభాగం. అక్కడ నేర్చుకునే పిల్లలు తక్కువ, నేర్పేవాళ్లు ఇంకా తక్కువ. వీణ మేడంది బొబ్బిలి. వాళ్లింట్లో తరతరాలుగా సంగీతం, గుడి సేవ. నాది గజపతినగరం పక్కన పల్లె, మా ఇంట్లో తరతరాలుగా వరి, నువ్వులు. కచేరీ ఎప్పుడు మొదలవుతుందో చెబుతారు గాని ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పరన్నది ఒక్కటే సంగీతం గురించి నాకు తెలిసిన విషయం. ఆ మాట ఆవిడతోనే అంటే పడీ పడీ నవ్వారు. మా స్నేహం అలా మొదలైంది.

ఆవిడ గురువుగారు చాలా ఏళ్ల కిందటే పోయారు. ఆయన పాఠాలు చెబుతుండగా శిష్యులు పట్టిన కేసెట్లు మాత్రం ఆవిడ దగ్గర ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టమని ఆవిడ అడిగితే సరేనన్నాను. ఒక వేసవి అంతా ఇద్దరం కూర్చుని ఆ పనే చేశాం. పాత టేపుల సంగతి మీ తరానికి తెలియదు. బూజు పట్టినవి, ఎండకి బిగిసినవి, ఒక్కసారి పాడి రెండోసారికి పొడి రాల్చేవి. టేపు తిరుగుతున్నంతసేపూ ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. ఒక వైపు క్షేమంగా అయిపోతే, "ఒడ్డెక్కారు బాబూ," అనేవారు గురువుగారి గురించి.

ఎక్కించిన పాటలన్నీ ఒక వర్చువల్ మిషనులో పెట్టాను. అంటే ఏమిటని ఆవిడ అడిగితే, ఒక పెద్ద ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టని చెప్పాను. అసలు యంత్రం ఒకటే. దాని లోపల ఫీజుల మిషనొకటి, హాజరు మిషనొకటి, లైబ్రరీదొకటి, పాటలదొకటి. ఎవరి వాటా వాళ్లది, ఎవరికి వాళ్లు సొంతిల్లే అనుకుంటారు.

"అయితే మా గురువుగారు ఏ వాటాలో ఉన్నట్టు?" అని అడిగారావిడ.

"వెనక వాటాలోనమ్మా. గోల ఉండదు."

"మంచిదే. ఫీజులోళ్ల పక్కన పెట్టకు, ఆయనకి పడదు."

ఆ ట్రంకుపెట్టెలో అట్టడుగున పట్టుగుడ్డలో చుట్టిన కేసెట్ ఒకటి ఉండేది. దాన్ని ఆవిడ అన్నిటికన్నా చివర తీశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడని పార్వతీపురం అవతల ఒక స్కూలుకి వేశారట. అక్కణ్ణుంచి వారం వారం బొబ్బిలి వచ్చి పాఠం చెప్పించుకోవడం కుదరక మానేశారు. అప్పుడు గురువుగారు తను స్వయంగా కట్టిన ఒక కీర్తనని, ఆవిడ కోసమే, కేసెట్లో వాయించి పెట్టారు. అది చేతికందేసరికి ఆయన లేరు. ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా వినలేదు.

"ఇన్నేళ్లు వినకుండా ఎలా ఉండగలిగారమ్మా?" అని అడిగాను.

"విన్నానంటే ఇంక ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఏటీ ఉండదు కదా బాబూ," అన్నారు.

ఆ కేసెట్ తిరుగుతున్నప్పుడు ఆవిడ గదిలో ఉండనన్నారు. రాబోయే విజయదశమికి కొత్త పాఠంలా మొదటిసారి వింటానని, నన్ను దగ్గరుండి ఎక్కించమని చెప్పి వరండాలోకి వెళ్లి కూర్చున్నారు. నేను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, టీ తాగుతూ, శబ్దం ఎక్కువైందా తక్కువైందా అని మీటర్ కేసి చూస్తూ ఆ కేసెట్ ఆసాంతం ఎక్కించాను. చివరిదాకా బాగానే తిరిగింది. వెనక్కి తిప్పబోతే టేపు పొరలు పొరలుగా ఊడి, గోధుమరంగు పొడై అరచేతిలో పడింది. బయటికొచ్చి చూపిస్తే ఆవిడ ఆ పొడిని అదే పట్టుగుడ్డలో మూట కట్టుకున్నారు. "పోనీలే, మనిషి లోపలికెళ్లిపోయారు కదా," అన్నారు.

ఇక దసరా. సెలవుల్లో యంత్రం ఖాళీగా ఉంటుంది కదా అని, పాటలన్నిటినీ పాత వర్చువల్ డిస్కు నుంచి కొత్తగా చేసిన పెద్ద డిస్కులోకి మార్చే పని పెట్టి ఊరెళ్లాను. ఉగాది నాటి బ్యాకప్ ఒకటి ఉండేది. వేసవిలో ఎక్కించినవి అందులో లేవు. బ్యాకప్‌కి ఇంకో డిస్కు కొనమంటే, వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు. బడ్జెట్లు ఏటా వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

విజయదశమి పొద్దున చేను గట్టు మీద ఉండగా ఫోన్ మోగింది. మేడం.

"బాబూ, గురువుగారు పలకడం లేదు."

నేను పండగపూట ఆవిడకి ఒంట్లో బాగోలేదేమో అని ముందు కంగారుపడ్డాను. తర్వాత అర్థమైంది. తెల్లారి తలస్నానం చేసి, వీణ పట్టుకుని కాలేజీకి వచ్చి, పాటల పేజీ తెరిస్తే ఏమీ రాలేదట. మిషను ఏమైనా ఆగిందా అని అడిగాను.

"ఆగలేదు. నేనే ఆపాను. నిన్న నవమి కదా. ఇప్పుడు స్విచ్చు వేసినా లేవడం లేదు."

వాళ్లింట్లో మహర్నవమి నాడు వీణలన్నిటినీ అమ్మవారి ముందు పెట్టి పూజ చేస్తారు. ఆ రోజంతా ఎవరూ తీగ ముట్టుకోరు. మర్నాడు విజయదశమికి తీసి కొత్త పాఠం మొదలుపెడతారు. ఆవిడ లెక్కలో గురువుగారు ఉన్న మిషను కూడా వీణ కిందే వస్తుంది. అందుకని నవమి నాడు వాచ్‌మన్ చేత సర్వరు గది తీయించి, బొట్టు పెట్టి, చామంతిపూలు పెట్టి, గోడ మీద పెద్ద స్విచ్చు ఆపేశారు. యూపీఎస్ కూతలు మొదలుపెట్టింది. "అదీ పాపం అలిసిపోయిందేమో అనుకుని, దాని బొత్తాం కూడా గట్టిగా నొక్కి పట్టుకున్నాను. అప్పుడు నిమ్మళించింది," అన్నారు.

ఆ గదిలోకి తాళం పగలగొట్టుకొచ్చే దొంగల గురించి ఆలోచించాను, పిడుగుల గురించి ఆలోచించాను, ఎలకల గురించి కూడా ఆలోచించాను. భక్తితో వచ్చేవాళ్లుంటారని ఎప్పుడూ అనుకోలేదు.

నా కింద పనిచేసే కుర్ర ఇంజనీరుది అరసవల్లి. వాళ్లమ్మది మా ఊరే కావడంతో ఆ ఊరి మగాళ్లందరితో పాటు నేనూ అతనికి మావనయ్యాను. ఆఫీసులో సార్ అనమని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. అతనికి ఫోన్ చేసి, ఇంట్లో ఖాళీ డిస్కు ఏదైనా ఉంటే పట్టుకుని రమ్మన్నాను. పండగ భోజనం కూడా చేయకుండా బండి మీద వచ్చేశాడు.

మేం వెళ్లి మిషను లేపి చూశాం. ఫీజుల వాటా దర్జాగా లేచి కూర్చుంది. ట్రస్టు వాళ్ల డబ్బుకి ఎప్పుడూ ఏమీ కాదు. హాజరు వాటా కాస్త మూలిగి లేచింది. వెనక వాటా మాత్రం లేవలేదు. ఫైల్ సిస్టమ్ పాడైంది, చేత్తో బాగుచేసుకోండి అని నల్లటి తెర మీద రాసి ఊరుకుంది.

జరిగింది ఇదీ. వర్చువల్ మిషను తన డిస్కు మీద రాయమంటే అసలు యంత్రం, "ఆ, రాసేశాను," అని చెప్పి, ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంటుంది. తీరిక చూసుకుని దించుతుంది. ఆ చేతిలో పట్టుకున్న వేళ కరెంటు తీసేస్తే, పైవాడు రాసిందనుకుంటాడు, కింద ఏమీ ఉండదు. పైగా పాటలు పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకి మారుతున్న సమయం అది. ఇల్లు ఖాళీ చేసి సామాను బండెక్కిస్తుండగా వంతెన కూలినట్టయింది.

మేడం సర్వరు గది బయట బల్ల మీద కూర్చున్నారు. వీణని గోడకి ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని మా తలుపు కేసి చూస్తున్నారు.

రిపేరు కమాండు ఒకటుంటుంది మీకు తెలిసిందే. అది ఒక్కొక్క తప్పూ చూపించి, సరిచేయనా అని అడుగుతుంది. ప్రతిదానికీ అవుననాలి. అన్నిటికీ ఒకేసారి అవునని ముందే చెప్పేసే వీలు కూడా ఉంది. మావాడు అదే టైపు చేసి, వేలు ఎంటర్ మీద పెట్టాడు.

"కొట్టీమంటావా మావా?"

"ఆగు."

"ఏటాగేది? ఆవిడ మొగం సూడలేకపోతన్నాను. బేగి సేసేద్దాం. అయితే అవుతాది, లేకపోతే లేదు."

"ఆ లేకపోతే లేదన్నమాట బయటికెళ్లి ఆవిడతో నువ్వు చెప్తావా?"

వేలు తీశాడు. చెడిపోయిన డిస్కు మీద నేరుగా రిపేరు నడపకూడదు. అది బాగుచేస్తున్నాననుకుంటూ ఉన్నదాన్ని తుడిచిపెట్టగలదు. ముందు నకలు తీయాలి, ఆ నకలు మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. పిల్లలూ, ఈ మొత్తంలో మీకు పనికొచ్చే సాంకేతిక విషయం ఇదొక్కటే. మిగతాది మీరు ఇంకా బాగా చదువుకుని వచ్చారు.

"నీ డిస్కు ఇలా ఇవ్వు," అన్నాను.

"మా తమ్ముడి పెల్లి ఉన్నాది మావా ఇందులో. ఖాలీ సెయ్యాలంటే మా యమ్మ సంపేస్తాది."

ఆ పెళ్లిని ఆఫీసు కంప్యూటర్లోకి దించి డిస్కు ఖాళీ చేశాం. పెళ్లి దిగడానికి కాసేపు, నకలు ఎక్కడానికి ఇంకాసేపు. ఈలోగా మేడం తను తెచ్చిన పులిహోర మా ఇద్దరికీ పెట్టారు. అది గురువుగారికి నైవేద్యం పెడదామని చేసింది. సాయంత్రం అవుతుంటే ఆవిడని ఇంటికి పంపేశాం.

మర్నాడు నకలు మీద రిపేరు నడిపాం. పాటలు బతికాయి, పేర్లు పోయాయి. ఏ ఫైలు ఎక్కడిదో తేలనప్పుడు కంప్యూటరు వాటన్నిటినీ లాస్ట్ అండ్ ఫౌండ్ అనే ఒక అరలో పడేసి, పేరు బదులు ఒక అంకె తగిలిస్తుంది. రైల్వే స్టేషన్లో మరిచిపోయిన సామాన్ల గదిలాంటిది. వేసవంతా మేం రాగం, తాళం, సంవత్సరం రాసి పెట్టుకున్నవన్నీ అంకెలై పడి ఉన్నాయి.

మేడం శాలువా కప్పుకుని ఆ చల్లగదిలో నా పక్కన కూర్చున్నారు. ఒక్కొక్కటీ పెట్టడం, ఆవిడ చెప్పడం, మావాడు పేరు కొట్టడం. చాలా వాటికి పాట మొదలయ్యేదాకా కూడా అక్కర్లేకపోయింది. "ఇది ఎండాకాలంది, ఫాన్ కీచుమంటన్నాది చూడు." "ఇది ఆయన పన్ను పీకించుకున్నప్పటిది, మాట జారిపోతన్నాది." "ఇందులో తప్పు వాయిస్తన్నది నేనే, ముందుకెళ్లు." మావాడు నవ్వి, "పోనీ దీన్ని తీసేయమంటారా అమ్మా?" అంటే, "ఉంచు. తిట్లు ఉన్నాయి కదా, అవి కావాలి," అన్నారు. నా ఉద్యోగంలో అంత బాగున్న రోజులు మళ్లీ రాలేదు. చెడిపోయినదాన్ని బాగుచేస్తూ అంత సంతోషంగా ఉండొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో రోజున అది దొరికింది. పెట్టగానే ఒక దగ్గు వినిపించింది. తర్వాత, "అమ్మా, ఇది నీకు," అన్న ముసలి గొంతు. మేడం శాలువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేం లేవబోతే వద్దని చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. వీణ మొదలైంది. ఈసారి నేను మీటర్ చూడలేదు, ఆవిడనే చూశాను. ఎడమచెయ్యి ఒళ్లో తనంతట తనే కదులుతోంది.

నడుస్తూ నడుస్తూ పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర మీద సమయం మాత్రం ముందుకు పోతూనే ఉంది. శబ్దం లేదు. ఫైలు పొడవు సరిగ్గానే ఉంది, కానీ చివరి భాగమంతా సున్నాలు. ఆ భాగాన్ని రాశానని చెప్పి ఇంకా చేతిలోనే పట్టుకుని ఉండగా స్విచ్చు పడింది.

ఆ తర్వాత ఎన్ని ప్రయత్నాలు చేశామో చెప్పి మిమ్మల్ని విసిగించను. పాత డిస్కులో ఖాళీ అయిన ఆ చోటుని అసలు యంత్రం కొత్త డిస్కుకి ఇచ్చేసింది, దాని మీద వేరే పాటలు కూర్చున్నాయి. మావాడు దసరా వెనకే వచ్చే అమ్మవారి సిరిమాను పండక్కి కూడా వెళ్లకుండా ముక్క ముక్కా వెతికాడు. దొరకలేదు.

ఆ సంగతి చెప్పిన రోజున మేడం శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత నా కేసి తిరిగి అడిగారు.

"నువ్వు విన్నావు కదా బాబూ. ఆ రోజు మొత్తం విన్నావు. చివర ఏటుంది?"

ఈ భూమ్మీద ఆ కీర్తన చివరిదాకా విన్న మనిషిని నేనొక్కణ్ణే. సరస్వతీదేవి తెలివితేటలు చూడండి, ఎవరి చెవులని ఎంచుకుందో. నాకు రాగం తెలియదు, స్వరం తెలియదు. రెండు పాటలు పక్కపక్కన పెట్టి ఏది ఏదని అడిగితే చెప్పలేనివాణ్ణి. నాకు గుర్తున్నది మీటర్ సూది ఎర్రగీత దాటకపోవడం, టీ చల్లారిపోవడం.

"పాట గుర్తులేదమ్మా. మాట ఒకటి గుర్తుంది," అన్నాను. "వీణ ఆగింది. వానచప్పుడు వినిపించింది. ఆయన లోపలికెవరికో కేకేశారు. 'ఒసే, ఆ కిటికీ ముయ్యి, జల్లు కొడతన్నాది, వీణ తడిసిపోతాది' అన్నారు. కిటికీ రెక్క వేసిన చప్పుడైంది. అంతే, టేపు అయిపోయింది."

అది విని ఆవిడ మొదట నవ్వారు. కేకేసింది గురుపత్నికట. ఆ నవ్వు మధ్యలోనే మొహం మారిపోయింది.

"ఆయన కూర్చునేది గోడవైపు బాబూ. అక్కడికి జల్లు రాదు. కిటికీ పక్కన కూర్చునేది నేను."

నేను అర్థంకాక చూశాను.

"నా వీణ తడుస్తాదని రోజూ అలాగే కేకేసి మూయించేవారు. ఆ రోజు నేనక్కడ లేను కదా. పార్వతీపురం అవతల ఉన్నాను." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నేను లేకపోయినా మూయించారన్నమాట."

మావాడు లేచి బయటికెళ్లిపోయాడు. నేను కదల్లేదు. నా చెవులు నా బతుకులో ఒక్కసారైనా ఒకరికి పనికొచ్చాయని మాత్రం అనిపించింది.

ఆ కీర్తనని మేడం శిష్యులకి నేర్పారు. ఎక్కడ శబ్దం ఆగిందో అక్కడే ఆపేసేవారు. మీరే పూర్తి చేయొచ్చు కదమ్మా అని ఒకసారి అన్నాను. "చేయగలను. కానీ అక్కడ ఆగింది ఆయన కాదు, నేను నొక్కిన స్విచ్చు. దాన్ని అలాగే ఉండనీ," అన్నారు. ఆపిన చోట ఒక్క క్షణం కిటికీ కేసి చూసి, తర్వాత వీణ పక్కన పెట్టేవారు. పిల్లలకి ఎందుకో తెలియదు, వాళ్లూ అలాగే చూడటం నేర్చుకున్నారు.

నవమి ఆచారం మాత్రం ఆవిడ మానలేదు, నేనూ మానమనలేదు. ఏటా ఆ రోజు వెనక వాటాని మావాడు పద్ధతి ప్రకారం ఆపేవాడు. ఆపి నాకు ఫోన్ చేసేవాడు. అప్పటికే మేడం దగ్గర్నుంచి ఒకసారి వచ్చి ఉండేది. "మిషను పడుకుందా బాబూ?" నేను తిరిగి ఫోన్ చేసి, "పడుకుందమ్మా," అనేవాణ్ణి. "చామంతిపూలు పెట్టాడా?" "పెట్టాడమ్మా." అప్పుడు గాని ఆవిడ భోజనానికి కూర్చునేవారు కాదు. నేను రిటైరయ్యాక కూడా ఆ ఫోను ఆగలేదు. కాలేజీతో నాకు మిగిలిన సంబంధం అదొక్కటే.

పోయిన మాఘమాసంలో మేడం వెళ్లిపోయారు. ఆ పాత యంత్రం కూడా లేదు. పాటలు ఇప్పుడు ఎక్కడెక్కడో నాలుగైదు చోట్ల క్షేమంగా ఉన్నాయి, బ్యాకప్‌కి బడ్జెట్ కూడా ఇస్తున్నారట. నా కుర్చీలో మావాడు కూర్చుంటున్నాడు. ఆఫీసులో అతన్ని అందరూ సార్ అంటున్నారని విన్నాను.

ఈ ఏడాది నవమికి పొద్దున్నుంచీ ఫోన్ దగ్గర పెట్టుకునే తిరిగాను. మధ్యాహ్నం మోగింది.

"మావా, పడుకున్నాది. పూలు కూడా ఎట్టేసినాను. అమ్మగారికి సెప్పీ," అన్నాడు అలవాటు కొద్దీ. అనేశాక అతనికీ గుర్తొచ్చినట్టుంది.

"అలాగేరా," అని పెట్టేశాను. తర్వాత ఫోన్లో మేడం నంబరు తీసి, నొక్కకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. బయట చినుకులు మొదలయ్యాయి. లేచి వెళ్లి కిటికీ మూశాను.